పదికి ఎనిమిది

నిన్న పగలు మా ఇంటికి రెండు గేమ్ మెషిన్లు వచ్చాయి. మొదటిది కొరియర్‌లో. అట్టపెట్టెలో ఇంకో అట్టపెట్టె, దాంట్లో స్పాంజి, స్పాంజిలో కవరు, కవరులో మెషిను, దానితోపాటు ఒక ఉత్తరం: 'మీ నిజాయితీ గల అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాం.' నిజాయితీకి మూడు రోజులు గడువిచ్చారు. నాలుగో రోజు మెషిను తిరిగి పంపెయ్యాలి. టీవీకి తగిలించుకుని ఆడే పెద్ద కన్సోల్ మీద కొన్నేళ్ళ కిందటే లోకమంతా ఆడేసిన ఒక మహా ఆటని, ఇప్పుడు రెండు చేతుల్లో పట్టే ఈ చిన్న మెషినులోకి కుదించారట. నేను దాన్ని పట్టుకుని ఆడి చూసి, ఎలా ఉందో తెలుగులో రాయాలి. అదే నా ఉద్యోగం. నవ్వకండి, మా మామగారు ఇప్పటికీ నవ్వుతున్నారు.

రెండోది ఎర్ర తువ్వాలులో చుట్టి ఉంది. పెదకాకాని నుంచి ఒక పెద్దావిడ ఆటోలో తెచ్చింది. భర్త పోయాక, వాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండి, దాటాక చేసిన మొదటి పని ఇదేనట.

"మీ భాయ్ ఇమ్మన్నాడు బాబూ. ఎనిమిది గారి పెట్టె ఎనిమిది గారికి ఇచ్చెయ్యమన్నాడు" అంది.

ఆ ఎనిమిది గారు నేనే.

భాయ్ పేరు రాయను. గుంటూరు మిర్చి యార్డులో ఆయన్ని ఎవరైనా పేరుతో పిలవగా నేను వినలేదు. మచ్చు భాయ్ అనేవాళ్ళు. బస్తాలోంచి సరుకు చూడడానికి తీసే గుప్పెడు కాయల్ని మచ్చు అంటారు. ఒక కమీషన్ కొట్టులో ముప్పై ఏళ్ళకి పైగా ఆయన పని అదే. మోచెయ్యి దాకా బస్తాలోకి దించి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి, పిడికిలి బిగించి వదిలి, ఒక్క మాట అనేవాడు. 'ఆరింది.' లేదా 'తడి.' లేదా 'తాలు కలిసింది', అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలున్నాయని. ఆ ఒక్క మాటకి రైతు మొహం వెలగడమో వాడిపోవడమో జరిగేది. నేను ఒక్కో ఆట మీద పేజీలకి పేజీలు రాస్తాను. ఇంతవరకూ ఎవరి మొహమూ ఎటూ మారలేదు.

పోయిన ఏడు వానాకాలంలో నా పాత మెషిను అమ్ముతానని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను. 'కొత్తదానిలా ఉంది' అని రాశాను. ఆ సాయంత్రం ఒక పెద్దమనిషి ఆటో దిగాడు. తెల్లచొక్కా, భుజాన ఎర్ర తువ్వాలు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వచ్చాడు, ఎవరిదో వస్తువు అప్పగించడానికి తెచ్చినట్టు. మనవళ్ళ కోసమేమో అనుకుని బొమ్మలు బాగా కనిపిస్తాయని మొదలుపెట్టాను. ఆయన వినలేదు. మెషిను ఎడమచేత్తో తీసుకుని వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఒక్కో బటనూ నొక్కుతూ పోయాడు.

"ఎడమ పుల్ల కుదురుగా లేదండి" అన్నాడు, మెషిను మీద బొటనవేలితో తోసే చిన్న కర్రని పట్టుకుని. "వదిలేసినా పక్కకి పోతా ఉంది."

నిజమే, పోతుంది. నేనది ప్రకటనలో రాయలేదు. ఆటల మీద రాసీ రాసీ, లోపాలు రాసే అలవాటు తప్పిపోయింది.

"ఇంతకీ ఎవరికండీ ఇది?" అన్నాను, మాట మార్చడానికి.

"నాకే."

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున ఆయనకి కుడిపక్క పడిపోయింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం సగమే వచ్చింది. వేళ్ళు కదులుతాయి గాని, వాటికి ఏం తగిలిందీ తెలియదు. డాక్టరు రబ్బరు బంతి నొక్కమన్నాడు.

"బంతి ఎంత నొక్కినా నొక్కించుకుంటదండి. బాగా నొక్కావనదు, సరిగ్గా నొక్కలేదనీ అనదు. ఇదయితే తప్పు నొక్కితే చంపేస్తదంట గదా, మా అల్లుడు చెప్పాడు. అట్టాంటిది కావాల."

గడువు ఆయనకీ ఉంది. కొట్టు యజమాని మర్యాదగానే చెప్పాడట: 'కొత్త కాయ యార్డుకొచ్చేదాకా చూస్తాను భాయ్. చెయ్యి కుదిరితే మీ కుర్చీ మీదే.' కుదరకపోతే ఏమిటో యజమాని చెప్పలేదు, భాయ్ అడగలేదు. ఇంట్లో తిండికి లోటు లేదు. అల్లుడు బాగానే చూస్తాడు. కానీ ఆ బొటనవేలికి తడీ పొడీ తెలియకపోతే యార్డులో మచ్చు భాయ్ అనేవాడు ఉండడు. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆయన తన చేతివంక కాదు, నా మెషినువంక చూశాడు.

పుల్ల సంగతి దాచినందుకు సిగ్గేసి, ఆటలు వేసి నేర్పిస్తానని నేనే మాటిచ్చాను. అలా ఆదివారం మధ్యాహ్నాలు పెదకాకానిలో వాళ్ళ వసారాలో గడిచాయి. వీధిలో గుడికెళ్ళే ఆటోలు హారన్లు కొడుతుంటే, లోపల ఒక అరవయ్యేళ్ళ మనిషి కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని ప్రపంచాన్ని కాపాడుతుండేవాడు.

మొదట వేసింది కోట ముట్టడి ఆట. టీవీ మీద అయితే ఆ కోట ముందు ఇసకేస్తే రాలనంత సైన్యం. చిన్న మెషిను అంతమందిని మొయ్యలేదు కాబట్టి తగ్గించారు. భాయ్ ఆట ఆపి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇరవై ముగ్గురు. మిగతావాళ్ళేరబ్బాయ్, కాయ కోతలకి పోయారా?"

ఆ ఆట గురించి నేను రాసింది: 'చిన్న తెర మీద యుద్ధం మరింత ఆత్మీయంగా అనిపిస్తుంది.'

తర్వాత కారు ఆట. మహానగరంలో రెండొందల మైళ్ళ వేగం. ఎదర అంతా ఖాళీ నేల, కారు దగ్గరికి వెళ్ళేసరికి మేడ లేస్తుంది. "మనం వస్తన్నామని తెలిసి అప్పటికప్పుడు కట్టేస్తన్నారు" అన్నాడు భాయ్. నేను రాసింది: 'నగరం మన కళ్ళముందే ఆవిష్కృతమవుతుంది.' అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నాడు. నాజూగ్గా ఉన్నాయని రాశాను. అరగంట ఆడేసరికి మెషిను వెనక అట్లపెనంలా కాలేది. దాని గురించి నేనేమీ రాయలేదు. "ఇదొక్కటి మెచ్చుకోవాల్సింది, నువ్వు వదిలేశావ్. చేతికి కాపడం పెడతంది" అన్నాడాయన.

ఏ ఆట మీదా మూడు గంటలు ఆడితేగాని నోరు విప్పేవాడు కాదు. మొదటి గంట బస్తా పైన పోసిన కాయ అనేవాడు. "రైతైనా, నా సొంత తమ్ముడైనా, పైన మంచి కాయే పోస్తాడు. వాడి తప్పు కాదు. అడుగున చెయ్యి పెట్టనోడిది తప్పు." నేను ఏ ఆటా గంటకి మించి ఆడనని ఒకరోజు నోరు జారాను. ఆయన భూతద్దం కింద పెట్టి, నన్ను కాసేపు అలాగే చూశాడు.

కొన్ని ఆటలకి ఆయన 'ఏసీ సరుకు' అని పేరు పెట్టాడు. ధర రాని మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి మరుసటేడు తీస్తారు, అదీ ఏసీ సరుకు. "తప్పేం లేదు, తినొచ్చు. కానీ పోయినేటి కాయని పోయినేటి కాయనే చెప్పాల. వీళ్ళు కొత్త కాయంటున్నారు. నువ్వు అవునంటన్నావ్."

ఇంకొక్క సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళు మిర్చి పట్టిన చెయ్యి ఎంత కడిగినా దాని ఘాటు పోదు. ఆయన దగ్గర మెషిను తీసుకుని కాసేపు ఆడి, మర్చిపోయి కళ్ళు నులుముకున్నానంటే ఆ పూటకి నా పని అయిపోయేది. నేను నీళ్ళకుండీ దగ్గరికి పరిగెత్తుతుంటే వెనకనుంచి కేకేసేవాడు: "ఇదీ రాయబ్బాయ్! ఆట సంగతేమో గాని పెట్టెకి ఘాటుందని రాయి!"

ఆయన నా రివ్యూలు ఫోనులో వరసగా చదివింది మాత్రం దసరా సెలవుల్లో. నేను వెళ్ళేసరికి వసారాలో ఎదురుచూస్తున్నాడు.

"కోట ఆటకి పదికి ఎనిమిది. కారు ఆటకి ఎనిమిది. ఆ చేపలు పట్టేదానికీ ఎనిమిదే. ఏవయ్యా, నీకు ఏడు రాయడం రాదా? తొమ్మిది రాదా?"

ఓపిగ్గా చెప్పాను. ఏడు వేస్తే కంపెనీ మరోసారి మెషిను పంపదు. తొమ్మిది వేస్తే చదివేవాడు అనుమానిస్తాడు. ఎనిమిది అంటే ఎవరికీ నొప్పి ఉండదు.

"మా యార్డులోనూ ఒకడుండేవాడు, ఎవరికీ నొప్పి తగలకుండా మచ్చు చెప్పేవాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"గేటు కాడ టీ అమ్ముతున్నాడు. టీ కూడా అంతే, ఎనిమిది."

ఆ రోజునుంచి నేను ఎనిమిది గారినయ్యాను. ఆవిడ కూడా నవ్వకుండా, 'ఎనిమిది గారొచ్చారు, ఇంకో గ్లాసు పెట్టనా?' అని అడిగేది.

ఆయనకి నచ్చింది ఒక్కటే, గుర్రం ఆట. బీడునేల మీద గుర్రమేసుకుని పగ తీర్చుకోవడానికి తిరిగే ఒక దొంగ కథ. భాయ్ కథ జోలికి పోలేదు. రాళ్ళనేల, కంపచెట్లు, ఎర్రదుమ్ము చూసి, "ఇది మా పొదిలి దారే" అని గుర్రాన్ని నడిపించుకుంటూ పోయేవాడు. ఆయన పుట్టింది అటువైపే. దొంగ చేతిలో చావాల్సిన విలను మూడు నెలలు సారాకొట్టులో కూర్చుని ఎదురుచూశాడు, పాపం.

డిసెంబరులో ఒక ఆదివారం నేను స్కూటరు స్టాండు వెయ్యకముందే లేచి నిలబడ్డాడు.

"అబ్బాయ్, వేలు వచ్చింది!"

పెద్ద ఆటల్లో తుపాకి పేలినా గుర్రం పరిగెత్తినా, పట్టుకున్న మెషిను చేతుల్లో అదురుతుంది. ఆ అదురు ఆయన కుడి బొటనవేలికి అందుతోందట. "గుర్రం నాలుగు కాళ్ళూ విడివిడిగా తెలుస్తన్నాయి. వెనక ఎడమ కాలు ఒక్క పిసరు ఆలస్యంగా పడతా ఉంది. కుదించేటప్పుడు అక్కడ తేడా చేశారు. రాసుకో!"

గుమ్మంలో ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుంటోంది. పొద్దున్నే సేమియా పాయసం వండిందట. నాకూ సంతోషంగానే ఉంది. ఆ ఊపులో, ఆయనకి అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేసిపెడదామని మెషిను తీసుకుని సెట్టింగులు తెరిచాను.

వైబ్రేషన్ అన్న వరసలో 'ఆఫ్' అని ఉంది.

నేనే ఆపాను. బ్యాటరీ తొందరగా అయిపోతోందని ఎప్పుడో ఆపేసి, అలాగే అమ్మాను. భాయ్ చేతికి వచ్చాక ఆ మెషిను ఒక్కసారి కూడా అదరలేదు.

తలెత్తకుండా దాన్ని ఆన్ చేసి, పదిలో ఐదు దగ్గర పెట్టి, మెషిను ఆయనకిచ్చాను. "ఇప్పుడు చూడు భాయ్."

ఆయన గుర్రాన్ని పరిగెత్తించాడు. ఒళ్ళో ఉన్న కళ్ళజోడు డబ్బా బుర్రుమని మోగింది. అంత అదురూ ఆ బొటనవేలి కిందనుంచే పోతోంది.

"అదేగా" అన్నాడు. "ఇందాకటి లాగే."

ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. వేలు రావాలని అంతగా కోరుకున్నాడు కాబట్టి వచ్చిందనుకున్నాడు. అది అప్పుడే చెప్పొచ్చు. నలుగురం కూడా లేము, ముగ్గురమే, వాళ్ళ వసారాలో. నోరు తెరిచాను కూడా. ఈలోపు ఆయనే అడిగాడు.

"నువ్వు చేత్తో పట్టి చూసి చెప్పేవాడివి గదా. చెప్పు. నా చేతికి పదికెంతేస్తావ్?"

ఆవిడ పాయసం గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఎనిమిది" అన్నాను.

నా ప్రతి ఎనిమిదినీ ఎగతాళి చేసిన మనిషి. అడుగున చెయ్యి పెట్టకుండా దేన్నీ నమ్మని మనిషి. ఆ ఒక్కదాన్ని నమ్మాడు. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనిచ్చిన మార్కుని నిజంగా నమ్మిన మొహం అదొక్కటే చూశాను. పాయసం రెండు గిన్నెలు తిని ఇంటికొచ్చాను. ఆ గుర్రం ఆటకీ ఎనిమిదే వేశాను. 'గుర్రపు నడక ఎంతో సహజంగా ఉంది' అని రాశాను.

ఫిబ్రవరిలో కొత్త కాయ వచ్చింది. "అసలు మచ్చు చూద్దువుగాని రా" అని నన్ను కూడా యార్డుకి తీసుకెళ్ళాడు. కొత్త తెల్లచొక్కా వేశాడు. నేను ముక్కుకి రుమాలు కట్టుకుని, తుమ్ముతూ ఆయన వెనక నడిచాను. బస్తాల మధ్య అడుగుకొకరు "భాయ్ వచ్చాడా!" అని పలకరిస్తున్నారు. కొట్టు ముందు కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక రైతు సరుకు దించి ఉంది. యజమాని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ మచ్చు చూసిన ఇంకొకాయన మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

భాయ్ కుడిచెయ్యే పెట్టాడు. మోచెయ్యి దాకా దించి, గుప్పెడు తీసి, పిడికిలి బిగించి వదిలాడు.

"ఆరింది" అన్నాడు.

రైతు నేలచూపులు చూశాడు. పక్కకి తప్పుకున్నాయన వచ్చి ఒక కాయ పట్టుకుని, భాయ్ మొహంలోకి చూసి, దాన్ని మళ్ళీ బస్తాలో వేశాడు. నేనూ ఒక కాయ తీసుకున్నాను. మిర్చి గురించి ఓనమాలు తెలియని నా వేళ్ళకే అంటింది తడి. కాయ విరక్కుండా ఉండాలని నీళ్ళు చల్లినట్టున్నారు, కాస్త ఎక్కువే చల్లారు.

ఎవరూ మాట్లాడకపోవడం భాయ్‌కి అర్థమైంది. ఎడమచెయ్యి బస్తాలో పెట్టాడు. కాసేపు తియ్యలేదు. తర్వాత, ముప్పై ఏళ్ళూ ఏ గొంతుతో చెప్పాడో ఆ గొంతుతోనే గట్టిగా అన్నాడు.

"తడి. నేను చెప్పింది తప్పు." ఎడమచేత్తో కుడిచేతిని పైకెత్తి అందరికీ చూపించాడు. "ఈ చెయ్యి తాలు."

"పోన్లే భాయ్, ఇంకో ఎండ కానిచ్చి తెస్తాలే" అన్నాడు రైతు, తప్పు తనదైనట్టు.

"కూర్చోండి, టీ చెప్తాను" అన్నాడు యజమాని. భాయ్ కూర్చోలేదు. కుర్చీ మీద పొద్దున వేసిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

గేటు దగ్గర టీ తాగాం, ఆ ఎవరికీ నొప్పి తగలనివ్వని మనిషి దగ్గరే. సగం గ్లాసు అయ్యాక భాయ్ అన్నాడు: "ఎనిమిదన్నావ్ గదా అబ్బాయ్."

కోపంగా అని ఉంటే బాగుండేది. అడిగినట్టు అన్నాడు.

"ఎడమచేత్తో చూడొచ్చుగా భాయ్, ఇందాక తెలిసిందిగా" అన్నాను.

"అంత తడి ఎవడికైనా తెలుస్తది. ఎడమ చెయ్యి నీలాంటిది, అన్నిటికీ ఎనిమిదే వేస్తది" అని గ్లాసు కింద పెట్టాడు.

ఆ తర్వాత నేను రెండుసార్లే వెళ్ళాను. పనుందని ఫోనులో చెప్పేవాణ్ణి. పనేమీ లేదు, మొహం చెల్లలేదు. డిసెంబరులో 'రెండు' అని ఉంటే ఆయన ఆ పూట తన వసారాలో, తన భార్య ముందు బాధపడేవాడు. నేను ఎనిమిది వేసి యార్డు నడిబొడ్డున నిలబెట్టాను. వెళ్ళిన రెండుసార్లూ ఆయన మామూలుగానే ఉన్నాడు. మెషిను మాత్రం నా ముందు తియ్యలేదు. ఏప్రిల్ ఆఖర్లో జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి ఏదీ తిరిగివ్వలేదు.

నిన్న ఆవిడ టీ తాగి లేస్తూ అంది: "యార్డు మానేశాక పొద్దస్తమానం దాంతోనే బాబూ. ఆట ఆడేవాడు కూడా కాదు. గుర్రాన్ని ఊరికే పరిగెత్తిస్తా, వేలు దాని మీద పెట్టి కళ్ళు మూసుకుని కూచునేవాడు. ఏంటయ్యా అంటే, ఉండవే, వస్తదేమో చూడనీ అనేవాడు."

ఆవిడ ఆటో ఎక్కాక తువ్వాలు విప్పి, మెషిను ఛార్జింగు పెట్టి తెరిచాను. గుర్రం ఆటలో విలను ఇంకా సారాకొట్టులోనే ఉన్నాడు. సెట్టింగుల్లోకి వెళ్ళాను. వైబ్రేషన్ నేను ఐదు దగ్గర పెట్టి వదిలాను. ఇప్పుడు పది దగ్గర ఉంది.

ఆ చీమల అక్షరాల్లో, భూతద్దం పెట్టుకుని, ఆ వరసని ఆయనే వెతికి పట్టుకున్నాడు. అక్కడికి చేరినవాడికి, ఆ రోజు నేను 'ఇప్పుడు చూడు' అన్నాకే కళ్ళజోడు డబ్బా ఎందుకు మోగిందో, అంతకుముందు అదురు ఎందుకు లేదో, అన్నీ తెలిసి ఎనిమిది అన్నది ఎవరో అర్థం కాకుండా ఉండదు. నన్ను ఒక్క మాట అనలేదు. పది దాకా పెంచుకుని, వేలు పెట్టి, వస్తదేమోనని కూర్చున్నాడు.

కొరియర్‌లో వచ్చిన మెషిను ఇంకా ఆన్ చెయ్యలేదు. నిజాయితీకిచ్చిన మూడు రోజుల్లో ఒకటి అయిపోయింది.

పాత మెషిను రెండుచేతుల్లో పట్టుకుని, కుడి బొటనవేలు ఆయన పెట్టేచోట పెట్టి, కళ్ళు మూసుకుని గుర్రాన్ని పరిగెత్తించాను. మోచేతుల దాకా అదిరింది. గంట దాటినా ఆపలేదు. మూడో గంటకి నాలుగు కాళ్ళూ విడివిడిగా తెలియసాగాయి. అదురే లేని మెషినులో ఆయన కంటితో చూసి చెప్పాడో, చెవితో విని చెప్పాడో నాకు తెలియదు. వెనక ఎడమ కాలు ఒక్క పిసరు ఆలస్యంగానే పడుతోంది.